మెడలోని బిళ్ల, దస్త్రంలోని మనిషి: అండమాన్ ప్రభుత్వ పత్రాల చరిత్ర

ప్రభుత్వ పత్రం ఎంత విలువైనదైనా, దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ అధికారంతో, ఏ పని నిమిత్తం తయారు చేశారో తెలియకపోతే అది సాక్ష్యంగా నిలబడదు. పత్రంలోని విషయానికి వెలుపల ఉంటూ, ఆ పత్రాన్ని గుర్తుపట్టడానికీ, వెతికి తీయడానికీ, నమ్మడానికీ తోడ్పడే ఈ సమాచారాన్నే నేడు మెటాడేటా అంటున్నారు. పేరు కంప్యూటర్లతో వచ్చిందే గాని పని చాలా పాతది. ఆ పని భారతదేశంలో ఎంత కఠినంగా సాగిందో, అది మధ్యలో తెగిపోయినప్పుడు ఎంత నష్టం కలిగిందో ఒకేచోట కనిపించే ప్రాంతం అండమాన్ నికోబార్ దీవులు. 1858 నుంచి దాదాపు తొమ్మిది దశాబ్దాల పాటు అక్కడి పాలన మనుషులను వివరించే పత్రాల మీదనే నడిచింది. ఆ పత్రాల్లో అధిక భాగం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, నాలుగేళ్లు తిరగకుండానే నాశనమైంది.

1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ సెమిరామిస్ అనే పొగ ఓడలో 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరుకున్నాడు. 1857 తిరుగుబాటులో శిక్షపడినవారిని ఉంచడానికి ఏర్పడిన ఆ సెటిల్‌మెంటులో మొదట్లో గోడలు లేవు, గదులు లేవు. చుట్టూ సముద్రం, వెనుక అడవి మాత్రమే ఉన్నాయి. అటువంటి చోట ఖైదీని ఖైదీగా నిలిపి ఉంచినది సంకెళ్లతో సమానంగా దస్త్రమే. వచ్చిన ప్రతివాడికి ఒక సంఖ్య కేటాయించడం, ఓడతో పాటు వచ్చిన ఆనవాళ్ల పట్టీని, అంటే ఖైదీ పేరు, తండ్రి పేరు, కులం, వయసు, శరీరం మీది గుర్తులు, నేరం, తీర్పు చెప్పిన న్యాయస్థానం, శిక్ష కాలం రాసిన కాగితాన్ని రిజిస్టరులోకి ఎక్కించడం తొలినాళ్ల నుంచే జరిగింది.

దూధ్‌నాథ్ తివారీ విషయంలో మిగిలిన నమోదు ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. అతని సంఖ్య 276. 14వ దేశీయ పదాతిదళంలో సిపాయి. జీలంలో తిరుగుబాటు, పరారీ నేరాలకు యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. కరాచీ నుంచి రోమన్ ఎంపరర్ అనే ఓడలో వచ్చి 1858 ఏప్రిల్ 6న సెటిల్‌మెంటులో చేరాడు. అదే నెల 23న రాస్ దీవి నుంచి తప్పించుకున్నాడు. ఒక సంవత్సరం 24 రోజులు అండమానీయుల మధ్య జీవించి 1859 మే 17న రాస్ దీవికి ఎదురుగా ఉన్న అబర్డీన్ స్థావరానికి తనంతట తాను తిరిగి వచ్చి, వారు దాడికి సిద్ధమవుతున్నారని అధికారులకు తెలియజేశాడు. ఈ కొద్ది వివరాల్లో గుర్తింపు సంఖ్య ఉంది, వచ్చిన చోటు ఉంది, అధికార మూలం ఉంది, స్థితి మారిన ప్రతి తేదీ ఉంది. నేటి పత్ర నిర్వహణ శాస్త్రం ఒక దస్త్రానికి తప్పనిసరి అని చెప్పే అంశాల్లో ముఖ్యమైనవన్నీ ఒక మనిషికి 1858లోనే తగిలించారు. అతడు అడవిలో పెళ్లి చేసుకున్న స్త్రీల సంగతి గాని, వారిని విడిచి ఎందుకు వచ్చాడో గాని ఈ గడుల్లో ఎక్కడా పట్టదు. ఆ కథ వేరే వాఙ్మూలంలో, అడిగిన అధికారికి అవసరమైనంత మేరకే నమోదైంది. వివరించే హక్కు ఎవరి చేతిలో ఉంటే వివరణ వారి అవసరాన్ని బట్టి సాగుతుందన్న విషయం ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

ఖైదీ వివరాలు కాగితం మీదనే ఆగలేదు. ఈస్టిండియా కంపెనీ పాలనలో బెంగాలు, మద్రాసు ప్రాంతాల్లో యావజ్జీవ ఖైదీల నుదుటి మీద నేరాన్ని పచ్చబొట్టుగా పొడిపించే ఆచారం ఉండేది. దాన్ని 1849లో రద్దు చేశారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ పనిని చెక్కబిళ్ల అందుకుంది. ఖైదీ మెడలోని ఇనుప కడియానికి వేలాడే ఆ బిళ్ల మీద అతని సంఖ్య, శిక్షపడిన చట్టంలోని సెక్షన్, శిక్ష తేదీ, విడుదల తేదీ చెక్కి ఉండేవి. వినాయక్ దామోదర్ సావర్కర్ 1911 జూలైలో సెల్యులర్ జైలుకు వచ్చినప్పుడు అతని సంఖ్య 32778. రెండు యావజ్జీవ శిక్షలు కలిపి 50 ఏళ్లు కాబట్టి బిళ్ల మీద విడుదల సంవత్సరం 1960గా ఉంది. బిళ్లల మీద శిక్ష వివరాలతో పాటు ఇంగ్లీషు అక్షరాలు కూడా సంకేతాలుగా ఉండేవి. 'డి' అనే అక్షరానికి ప్రమాదకరమైన ఖైదీ అని కొందరు అర్థం చెప్పారు. నడవడి అనుమానించదగినది అని మరికొందరు రాశారు. రెండింటి మధ్య ఉన్న తేడా ఒక మనిషి రోజువారీ బతుకును నిర్ణయించగలిగినంత పెద్దది. సంకేతాన్ని దాచి, ఆ సంకేతానికి అర్థం చెప్పే పట్టికను దాచకపోతే తర్వాతి తరానికి మిగిలేది ఊహే. పదాల అర్థాలను ముందుగానే నిర్ణయించి, ఆ పదాలనే వాడాలన్న నియంత్రిత పదావళి సూత్రం మెటాడేటా ప్రమాణాల్లో ఎందుకు అంత ముఖ్యమైందో ఈ ఒక్క అక్షరం వల్ల తెలుస్తుంది.

బిళ్లతో పాటు ప్రతి ఖైదీకి ఒక హిస్టరీ టికెట్ ఉండేది. అతడు చేసిన పని, పొందిన శిక్షలు, పెట్టుకున్న అర్జీలు, ఒక దశ నుంచి మరొక దశకు మారిన తేదీలు అందులో వరుసగా ఎక్కేవి. ఇరవయ్యో శతాబ్దం ఆరంభం నాటి నియమాల ప్రకారం పురుష ఖైదీ మొదటి 6 నెలలు సెల్యులర్ జైలులో ఒంటరిగా, తర్వాత 18 నెలలు మరొక జైలులో తోటివారితో కలిసి గడపాలి. ఆపై మూడేళ్లు బారకాసులో ఉంటూ కాపలా కింద కూలిపని చేయాలి. మరో ఐదేళ్లు పనిచేస్తూ చిన్నపాటి తనిఖీ ఉద్యోగాలకు అర్హుడు కావచ్చు. పదేళ్లు నిండాక నడవడి బాగుంటే టికెట్-ఆఫ్-లీవ్ పొంది, తన బతుకు తాను బతికే సెల్ఫ్ సపోర్టరుగా గ్రామంలో సేద్యం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు లేదా కుటుంబాన్ని రప్పించుకోవచ్చు. పూర్తి విడుదల 20 నుంచి 25 ఏళ్లకు గాని రాదు. ఈ మెట్లన్నీ తేదీల మీద ఆధారపడినవి కనుక, టికెట్ మీద ఒక తేదీ తప్పు పడితే మనిషి జీవితంలో సంవత్సరాలే పోయేవి.

1872 ఫిబ్రవరి 8న హోప్‌టౌన్ రేవు వద్ద వైస్రాయ్ లార్డ్ మేయోను చంపిన షేర్ అలీ సంఖ్య 15557. దూధ్‌నాథ్ 276, షేర్ అలీ 15557, సావర్కర్ 32778 అన్న మూడు సంఖ్యలను పక్కపక్కన పెడితే వలస ఎంత వేగంగా పెరిగిందో వేరే లెక్క అక్కరలేకుండా అర్థమవుతుంది. ఆ రిజిస్టర్లు నింపినవారిలో చదువుకున్న ఖైదీలూ ఉన్నారు. 1866లో వచ్చి 1883లో విడుదలైన మౌలానా జాఫర్ థానేసరీ అక్కడి కార్యాలయంలో మున్షీగా పనిచేసి, తిరిగి వెళ్లాక తన అనుభవాలను ఉర్దూలో గ్రంథంగా రాశాడు. తనను సంఖ్యగా మార్చిన దస్త్రాలనే రాస్తూ బతికిన మనిషి, ఆ దస్త్రాల్లో చోటు లేని జీవితాన్ని వేరొక పుస్తకంలో పెట్టవలసి వచ్చింది.

తెలుగు నేల నుంచి వెళ్లిన ఖైదీల విషయంలో ఈ లోటు మరింత బాధాకరం. 1879–80 రంప తిరుగుబాటులో శిక్షపడిన పలువురిని అండమానుకు పంపారు. విచారణకు, తీర్పుకు చెందిన కాగితాలు గోదావరి జిల్లాలోనూ మద్రాసులోనూ తయారయ్యాయి. శిక్షకు చెందిన కాగితాలు పోర్ట్ బ్లెయిర్‌లో తయారయ్యాయి. ఒకే మనిషికి చెందిన ఈ రెండు సగాలను కలిపే దారం ఇంగ్లీషు లిపిలో, గుమస్తా చెవికి వినిపించినట్లు రాసిన పేరు, ఒక తేదీ మాత్రమే. కోయ, కొండదొర పేర్లలో ఇంటిపేరేదో, ఊరిపేరేదో, ముఠా (కొండ గ్రామాల సముదాయం) పెద్దరికాన్ని సూచించే మాటేదో తెలియని వ్యక్తి రాసిన పేరును మరొక చోట మరొక గుమస్తా ఇంకొక విధంగా రాస్తే, ఆ దారం తెగినట్లే. మన్యంలోని ఒక కుటుంబం తమ పూర్వీకుడు కాలాపానీకి వెళ్లి ఏమయ్యాడో నేడు తెలుసుకోవాలంటే, ఆ మనిషి బతికాడా, చనిపోయాడా, అక్కడే గ్రామంలో స్థిరపడ్డాడా అన్న ప్రశ్నకు సమాధానం ఉండవలసిన సగం పోర్ట్ బ్లెయిర్‌లోనిదే.

అక్కడి నుంచి పైకి వెళ్లిన పత్రాలకు మెరుగైన భద్రత దొరికింది. సెటిల్‌మెంట్ నుంచి కలకత్తాకు వెళ్లే ప్రతి లేఖకు సంఖ్య, తేదీ ఉండేవి. భారత ప్రభుత్వ హోం శాఖలో వాటిని పోర్ట్ బ్లెయిర్ అన్న ప్రత్యేక శీర్షిక కింద కలిపి ఉంచేవారు. ప్రాధాన్యాన్ని బట్టి ఎ, బి, డిపాజిట్ అనే తరగతులు ఉండేవి: ఎ తరగతివి అచ్చయ్యేవి, వాటి ప్రతులు లండన్ దాకా వెళ్లేవి; డిపాజిట్ తరగతివి మామూలు వ్యవహారాలు. నిర్ణయానికి దారితీసిన టిప్పణులు కీప్-విత్ అన్న పేరుతో ఆ దస్త్రానికి జతగా ఉండేవి. ఏటేటా సూచికలు తయారయ్యేవి. ఒక దస్త్రం ఏ ఇతర దస్త్రాలకు సంబంధించినదో, ఎంతకాలం ఉంచదగినదో, ఎవరి నిర్ణయమో అన్నీ దాని మీదే రాసి పెట్టిన ఈ పద్ధతి నేటి ఏ ప్రమాణానికీ తీసిపోదు. 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. అదే తర్వాత ఢిల్లీకి తరలి నేటి భారత జాతీయ అభిలేఖాగారంగా మారింది. అండమాన్ గురించి పరిశోధించేవారు ఇప్పటికీ ఎక్కువగా ఆధారపడేది ఆ పోర్ట్ బ్లెయిర్ దస్త్రాల మీదనే.

1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌ను ఆక్రమించాయి. 1945 అక్టోబరులో బ్రిటిష్ పాలన తిరిగి వచ్చాక ఖైదీల సెటిల్‌మెంట్ రద్దయింది. ఈ మధ్యకాలంలో స్థానిక కార్యాలయాల్లోని పత్రాలు చాలావరకు నాశనమయ్యాయి. లొంగిపోయే ముందు జపాన్ అధికారులు తమ పాలనకు చెందిన కాగితాలను కూడా తగలబెట్టారు. అందువల్ల సెటిల్‌మెంట్ చరిత్రకు ఒక వింత రూపం మిగిలింది: కలకత్తాకు చెప్పదగినదని అధికారి భావించినది మిగిలింది, చెప్పనవసరం లేదనుకున్నది పోయింది. గ్రామంలో ఎవరికి ఏ భూమి ఇచ్చారు, ఎవరు ఎవరిని పెళ్లాడారు, ఎవరి బిడ్డ ఎప్పుడు పుట్టింది అన్నవి ఆ చెప్పనవసరం లేని విషయాలే. 1941 జనాభా లెక్కల్లో 33,768గా ఉన్న దీవుల జనసంఖ్య 1951 నాటికి 30,971కి తగ్గింది; దేశమంతటా జనం పెరిగిన దశాబ్దంలో ఇక్కడ తగ్గడానికి ఆక్రమణకాలపు మరణాలు, యుద్ధానంతర వలసలు కారణాలు. చనిపోయినవారి గురించి చెప్పవలసిన పత్రాలు వారితో పాటే పోయాయి.

ఈ నష్టం పరిశోధకులది మాత్రమే కాదు. దీవుల పరిపాలన ఇతర వెనుకబడిన తరగతులుగా గుర్తించిన వర్గాల్లో 1942కు ముందు స్థిరపడినవారి సంతతి ఒకటి. విద్యలోనూ ఉద్యోగంలోనూ రిజర్వేషన్ కోరే యువతీయువకులు తమ వంశం 1942కు ముందే అక్కడ ఉన్నదని చూపాలి. చూపడానికి కావలసిన పత్రాలు నాశనమైనది సరిగ్గా 1942 తర్వాతనే. తాతలను నేరస్థులుగా వివరించడానికి వందల రిజిస్టర్లు నింపిన ప్రభుత్వం, మనుమల హక్కును నిలబెట్టవలసిన రోజుకు ఆ రిజిస్టర్లను కాపాడలేకపోయింది. ఆస్ట్రేలియా కూడా ఖైదీల వలసగా మొదలైన దేశమే. అక్కడి ఖైదీల దస్త్రాలు విస్తారంగా మిగిలాయి, 2007లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది, వాటి ఆధారంగా వేలాది కుటుంబాలు తమ మూలాలను తెలుసుకున్నాయి. ప్రభుత్వ కార్యాలయాలన్నిటికీ కలిపి పత్ర నిర్వహణ మెటాడేటా ప్రమాణాన్ని తొలినాళ్లలోనే, 1999లో ప్రకటించిన దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి కావడం గమనించదగిన సంగతి.

స్వతంత్ర భారతంలో పత్రాల సంరక్షణకు చట్టం రావడానికి చాలాకాలం పట్టింది. 1993 ప్రజా దస్త్రాల చట్టం కేంద్ర ప్రభుత్వంతో పాటు కేంద్రపాలిత ప్రాంతాల పరిపాలనలకూ వర్తిస్తుంది కాబట్టి అండమాన్ నేరుగా దాని పరిధిలోకి వస్తుంది. ప్రతి కార్యాలయం ఒక రికార్డు అధికారిని నియమించాలి. అనుమతి లేకుండా దస్త్రాలను ధ్వంసం చేస్తే ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. 1892కు ముందు తయారైన దస్త్రాన్ని, పూర్తిగా పాడైపోయిందని తేలితే తప్ప, ఎవరూ నాశనం చేయరాదు. కంప్యూటర్ ద్వారా తయారైన పత్రం కూడా ప్రజా దస్త్రమే అని ఈ చట్టం ఆనాడే చెప్పింది. అయితే కంప్యూటర్ పత్రాన్ని ఏ వివరాలతో దాచాలో చెప్పే ప్రమాణం రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

ఆ లోగా ప్రపంచంలో పని సాగింది. 1995లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో డబ్లిన్ అనే ఊళ్లో జరిగిన సమావేశం నుంచి డబ్లిన్ కోర్ అనే ప్రమాణం పుట్టింది. శీర్షిక, కర్త, తేదీ, విషయం, భాష, హక్కులు వంటి 15 అంశాలతో ఏ పత్రాన్నైనా క్లుప్తంగా వివరించవచ్చని అది చూపింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2001లో పత్ర నిర్వహణకు 15489 సంఖ్య గల ప్రమాణాన్ని, 2006లో పత్రాల మెటాడేటాకు 23081 సంఖ్య గల ప్రమాణాన్ని ప్రచురించింది. డబ్లిన్ కోర్ పత్రం పుట్టినప్పటి వివరాలతో చాలావరకు తృప్తిపడుతుంది. పత్రాల ప్రమాణం మాత్రం ఆ తర్వాత దాన్ని ఎవరు తెరిచారు, ఎవరు మార్చారు, ఎవరు ఎక్కడికి పంపారు అన్నది పత్రం ఉన్నంతకాలం నమోదవుతూనే ఉండాలని అడుగుతుంది. హిస్టరీ టికెట్ చేసినది ఆ రెండో పనే.

భారతదేశంలో పుణెలోని సీ-డాక్ సంస్థ తోడ్పాటుతో రూపొందిన ఈ-గవ్ పీఐడీ అనే ప్రమాణాన్ని కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రకటించింది. ఎలక్ట్రానిక్ దస్త్రంతో పాటు దాచవలసిన సమాచారాన్ని అది నిర్దేశిస్తుంది: సూచికలో చేర్చడానికి కావలసిన వివరాలు, దస్త్రం పుట్టుక, చేతులు మారిన క్రమం, దాన్ని తెరవడానికి కావలసిన సాంకేతిక వివరాలు, డిజిటల్ సంతకం, ఎవరు చూడవచ్చన్న హక్కులు, మార్పు జరగలేదని రుజువు చేసే విలువ. చివరిది కొంచెం వివరించదగినది. ఒక ఫైలులోని మొత్తం సమాచారం నుంచి గణితపద్ధతిలో ఒక పొడవైన సంఖ్యను రాబడతారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది కనుక, పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కించి పోల్చితే దస్త్రం చెక్కుచెదరిందో లేదో తెలుస్తుంది. కాగితపు రిజిస్టరులో కొట్టివేత, దిద్దుబాటు కంటికి కనిపించేవి. కంప్యూటర్‌లో కనిపించవు కాబట్టి ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది.

ప్రమాణం దేశానికంతటికీ ఒకటే అయినా దీవుల్లో దాని పరీక్ష వేరు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో నికోబార్ దీవుల్లో తీరాన ఉన్న ప్రభుత్వ కార్యాలయాలు వాటిలోని కాగితాలతో సహా కొట్టుకుపోయాయి; ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, అంతకుముందు పటాల్లో నేలగా ఉన్నది సముద్రమైంది. అప్పటి నుంచి ఆ ప్రాంతపు ఏ పటానికైనా సర్వే తేదీ లేకపోతే అది పనికిరానిదే కాదు, తప్పుదారి పట్టించేది కూడా. ఒకేచోట ఉన్న ప్రతి మీద ఆధారపడరాదన్న పాఠాన్ని ఆ దీవులు 1942లో ఒకసారి, 2004లో మరోసారి నేర్చుకున్నాయి. కాని దూరాన మరొక ప్రతిని ఉంచడానికి కావలసిన దారి చాలాకాలం ఇరుకుగానే ఉండిపోయింది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి దీవులకు దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యే వరకు అక్కడి సమాచార రవాణా ప్రధానంగా ఉపగ్రహాల మీద ఆధారపడి, ఖరీదుగానూ నెమ్మదిగానూ సాగింది.

పేర్ల సమస్య ఇంకొకటి. 2018 డిసెంబరు 30న రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా, నీల్ శహీద్ ద్వీపంగా, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపంగా మారాయి. 2023 జనవరి 23న పేరు లేని 21 పెద్ద దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పాత పేరును, కొత్త పేరును, మారిన తేదీని ఒకే గుర్తింపు కింద కలిపి ఉంచే ప్రామాణిక నామపట్టిక లేకపోతే, శ్రీ విజయపురం గురించి వెతికే రేపటి విద్యార్థికి దూధ్‌నాథ్ దొరకడు. అందుకే పేరుకు బదులు సంకేత సంఖ్య మీద ఆధారపడడం పెరిగింది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల సంకేత సంఖ్య 35. జిల్లాల్లో నికోబార్ 638, ఉత్తర మధ్య అండమాన్ 639, దక్షిణ అండమాన్ 640. దేశంలోని జిల్లాల వరుసలో చివరి సంఖ్య అదే. అయితే ఉత్తర మధ్య అండమాన్ 2006లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు కనుక, 2001 అంకెలను 2011 అంకెలతో నేరుగా పోల్చే పట్టికలో ఆ సంగతి రాసి ఉండాలి.

అంకె ఎలా వచ్చిందో చెప్పడం ఎంత అవసరమో ఈ దీవుల్లోని ఆదిమ జాతుల్లో ఒకరైన సెంటినలీల లెక్క చూపుతుంది. చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ పర్యవేక్షణలో జరిగిన 1901 జనాభా లెక్కల్లో వారి సంఖ్య 117, 2001లో 39, 2011లో 15. మూడింటినీ ఒకే పట్టికలో చూసిన పాఠకుడు ఒక జాతి అంతరించిపోతున్నదని నిర్ణయానికి వస్తాడు. కాని 1901 నాటిది అంచనా, 2011 నాటిది దూరాన పడవ నుంచి కంటికి కనిపించినవారి లెక్క. ఈ రెండు ముక్కలు అంకెతో పాటు ప్రయాణించకపోతే ఆ అంకె నిజం కంటే అబద్ధానికే దగ్గరగా ఉంటుంది. తమను లెక్కపెట్టమని అడగనివారి గురించిన దస్త్రంలో, ఎవరు చూడవచ్చన్న హక్కుల గడిని నింపేటప్పుడు మిగతావారి విషయంలో కంటే ఎక్కువ జాగ్రత్త అవసరం.

2011 లెక్కల ప్రకారం దీవుల జనాభాలో 13 శాతం పైగా తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ కూలిపనులకూ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో. రేషన్ కార్డు, ఓటరు జాబితా, పాఠశాల ధ్రువపత్రం, భూమి పట్టా నాలుగింటిలో నాలుగు విధాల ఇంగ్లీషు వర్ణక్రమంతో ఉన్న ఒకే తెలుగు పేరును కంప్యూటర్ నలుగురు మనుషులుగా లెక్కించగలదు. కేంద్ర ప్రభుత్వం వ్యక్తి వివరాలకు ప్రకటించిన దత్తాంశ ప్రమాణాలు పేరును ఇంగ్లీషుతో పాటు భారతీయ భాషలోనూ నమోదు చేయడానికి వీలు కల్పించాయి. ఆ రెండో గడిని తెలుగులో, ఆ మనిషి తన పేరు చెప్పుకున్నట్లుగా, ఇంటిపేరును ఇంటిపేరుగా గుర్తించి నింపడానికి కావలసినది కొత్త సాఫ్ట్‌వేర్ కాదు, కౌంటరు వద్ద తెలుగు చదవగలిగిన ఒక గుమస్తా. రంప నుంచి వెళ్లినవారి దస్త్రాలు తయారైన రోజున లేనిది అటువంటి గుమస్తాయే.